సంతకం పెట్టే ముందు బేసిక్ చూడండి, పాస్‌పోర్ట్ అడగండి



సోహార్ పోర్టు, ఫ్రీజోన్ వైపు పని చేసే మనోళ్లను "మీ కంపెనీ ఏది?" అని అడిగితే చాలామంది గేటు మీదున్న పెద్ద పేరే చెప్తారు. లేబర్ కాంట్రాక్టు తీసి చూస్తే అందులో వేరే పేరు ఉంటుంది, ఏదో సప్లై కంపెనీది. జీతం ఆగిన రోజు పనికొచ్చేది ఆ చిన్న పేరే. మన దేశంలో కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న పెద్ద కంపెనీ కట్టాలని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఆ మాట ఉంచారు. ఆ అలవాటుతోనే ఇక్కడ కూడా గేటు దగ్గరికి పోయి అడుగుతాం. ఇక్కడ ముందు అడగాల్సింది మీ వీసా ఎవరి పేరున ఉందో వాళ్లనే.

ఇక చట్టం సంగతి. 2023 జూలైలో 53/2023 నంబరు రాజాజ్ఞతో ఒమన్‌లో కొత్త కార్మిక చట్టం వచ్చింది, 2003 నాటిది పోయింది. రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు, రెండు రోజులు సెలవు అని రాశారు. పాత చట్టంలో 9 గంటలు, 45 గంటలు ఉండేది. గ్రాట్యుటీ కూడా మారింది. పాత లెక్కలో మొదటి మూడేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతమే, ఇప్పుడు ఏడాదికి ఒక నెల బేసిక్. 2023 కంటే ముందు నుంచి ఉన్నవాళ్లు హిసాబు రోజున పాత సర్వీసుకు లెక్క ఎలా వేశారో కాగితం మీద రాసిమ్మని అడగండి.

చట్టం మంచిదే, కాదనను. కానీ "బేసిక్" అనే మాట దగ్గర మనం మోసపోతున్నాం. మొత్తం 120 రియాల్స్ అని చెప్పి తెచ్చారనుకుందాం. కాంట్రాక్టులో బేసిక్ 60, మిగతాది అలవెన్సు అని రాస్తే ఐదేళ్లకు గ్రాట్యుటీ 300. బేసిక్ 90 అని రాసి ఉంటే 450. నెలనెలా చేతికొచ్చేది ఒకటే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఓవర్‌టైం లెక్క కూడా ఈ బేసిక్ మీదే పడుతుంది. ఊళ్లో ఏజెంటు దగ్గర "జీతం ఎంత?" అని అడుగుతాం తప్ప "బేసిక్ ఎంత?" అని అడగం. రేపు వచ్చే మీ తమ్ముడికో బామ్మర్దికో ఈ ఒక్క ప్రశ్న నేర్పి పంపండి.

ఇక పాస్‌పోర్ట్. కంపెనీ దాన్ని తన దగ్గర పెట్టుకోకూడదని చట్టం చెప్తుంది. వెంటనే ఒక మెలిక కూడా పెట్టింది: కార్మికుడు రాసిచ్చి ఒప్పుకుంటే పెట్టుకోవచ్చట. ఈ మెలిక ఉండకూడదు అని నా అభిప్రాయం. విమానం దిగిన రోజు అరబిక్ కాగితాల కట్ట ముందు పెట్టి ఇక్కడ, ఇక్కడ అని వేలు చూపిస్తుంటే ఏది ఒప్పుకోలో ఏది జీతం కాగితమో ఎవరికి తెలుస్తుంది? "క్యాంపులో పెడితే పోతుంది అన్నా, ఆఫీసులోనే భద్రం" అనేవాళ్లున్నారు. భయం నిజమే. దానికి మందు క్యాంపులో తాళమున్న లాకర్ ఇవ్వడం, అంతేగానీ మన పాస్‌పోర్ట్ మందూబ్ బీరువాలో ఉండటం కాదు. అది భారత ప్రభుత్వ ఆస్తి. ఇచ్చిన ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చి, ఆ కాగితం ఫోటో దాచుకోండి.

జీతం బ్యాంకులో వేయాలన్న రూలు మన చేతిలో ఉన్న గట్టి ఆయుధం. వేయకపోతే మనిషికి 50 రియాల్స్ జరిమానా, అదీ కాక కొత్త వర్క్ పర్మిట్లు ఆపేస్తారు. జరిమానా కంటే రెండోదానికే కాంట్రాక్టర్లు భయపడతారు. మనుషులు రాకపోతే రేపటి టెండర్ పని ఎవరితో చేస్తారు? కాకపోతే కొన్ని చోట్ల ఫోర్‌మెన్ ఏటీఎం కార్డులన్నీ జమ చేసుకుని, డబ్బు తీసి, కొంత కోసుకుని చేతికిస్తాడు. సర్కారు కంప్యూటర్‌లో మాత్రం పూర్తి జీతం పడినట్టే ఉంటుంది. కార్డు, పిన్ ఎవరికీ ఇవ్వకండి. ఎంత దగ్గరి ఊరివాడైనా సరే.

2021 జనవరి నుంచి కాంట్రాక్టు అయిపోయాక వేరే కంపెనీకి మారడానికి పాత కంపెనీ ఎన్‌ఓసీ అక్కర్లేదు. అది ఇస్తామని డబ్బు అడిగితే కట్టకండి. గడువు మధ్యలో మారాలంటే మాత్రం సంగతి వేరు, తొందరపడి కల్లివల్లి అయిపోవద్దు.

సోహార్‌లోనే కార్మిక శాఖ ఆఫీసు ఉంది. కార్మికుడు వేసే కేసుకు కోర్టు ఫీజు లేదు. మస్కట్‌లో ఎంబసీ కూడా ఉంది. కానీ చేతిలో కాగితం లేకుండా పోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఈ సెలవు రోజు కాంట్రాక్టు బయటికి తీసి బేసిక్ ఎంత రాశారో చూడండి. అరబిక్‌లోనే ఉంటే ఫోటో గ్రూపులో పెట్టకండి, మీ నంబర్లన్నీ అందరికీ కనిపిస్తాయి. అడ్మిన్‌కు విడిగా పంపండి, చదివించి చెప్తాం.