బందరుకు అరవాక్యం

పదో తరగతి సాంఘిక శాస్త్రంలో పారిశ్రామికీకరణ పాఠం ఉంది. అందులో బందరు ఒక్కసారి కనిపిస్తుంది. హుగ్లీతో కలిపి, ఆగ్నేయాసియా రేవులతో వర్తకం నడిపిన ఓడరేవుగా, అరవాక్యంలో. అది ఢిల్లీలో దేశమంతటి కోసం రాసిన పుస్తకం. దాన్ని తిట్టి లాభం లేదు. తెచ్చి మన పిల్లల చేతుల్లో పెట్టి, ఆ అరవాక్యం పక్కన మరో ముక్క చేర్చని మన విద్యాశాఖదే తప్పు. 1611లో ఇంగ్లిషువాళ్లు కోఠీ పెట్టిన ఊరు ఇది. 1864 నవంబరు ఉప్పెనలో దాదాపు 30 వేల మంది కొట్టుకుపోయారు. కృష్ణాపత్రిక, ఆంధ్ర జాతీయ కళాశాల, ఆంధ్రా బ్యాంకు ఇక్కడే పుట్టాయి. ఇప్పుడు మంగినపూడి వైపు మళ్లీ రేవు కడుతున్నారు. ఆ పనులు చూసే కుర్రాడికి పాత రేవు ఏమైందో బడి చెప్పదు.

చరిత్ర పుస్తకంలో పేజీలు పెంచమని మేం అడగడం లేదు. తరగతి మొత్తం కలిసి చదివే ఒక నవల అడుగుతున్నాం. కుదరదంటారేమో! పదో తరగతి తెలుగు ఉపవాచకంగా రామాయణం ఉంది కదా? ఒకే కథను తరగతంతా ఏడాది పొడవునా చదవగలదనే కదా దాన్ని పెట్టారు? అమెరికాలోని సియాటిల్‌లో 1998లో ఊరంతటితో ఒకే నవల చదివించాలని గ్రంథాలయం పూనుకుంది. మనం ఒక తరగతితో చదివించలేమా?

నవలలకు కరువూ లేదు. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టి, బందరులో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి దగ్గర చదువుకున్న విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ఉంది. పెద్ద పుస్తకం, అధ్యాయాలు ఏరుకోవాలి. అందులోని వర్ణధర్మ సమర్థనతో పేచీ ఉన్నవాళ్లు చాలామంది, మాతో సహా. ఆ పేచీ తరగతిలోనే తేల్చుకోనివ్వండి. నవలలో కూలిపోయే జమీ గురించి చదివాక పిల్లల్ని చల్లపల్లి జమీందారుల కోట దగ్గరికి తీసుకెళ్లండి. ఆ ఎస్టేటు భూముల కోసం ఎవరు పోరాడారో, 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఏం మారిందో, భూమి చివరికి ఎవరి చేతికొచ్చిందో వాళ్లే అడుగుతారు.

గుడివాడ బళ్లకు అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ ఇంకా దగ్గర. కొల్లేటి ఒడ్డు పల్లె బతుకు, చేపల చెరువులు దాన్ని మింగేసిన తీరు అందులో ఉన్నాయి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు, తగాదా మాత్రం తెగలేదు. చెరువు తవ్వించిన రైతు కొడుకూ, పక్కన ఉప్పెక్కిన చేను గల రైతు కూతురూ ఒకే తరగతిలో ఉంటారు. ఈ నవల మీద వాళ్లు చేసే వాదన ముందు ఏ గైడు నిలుస్తుంది?

దివిసీమ పిల్లలకైతే పుస్తకంతో పాటు సాక్ష్యం చెప్పే మనుషులే ఉన్నారు. 1977 నవంబరు 19న తుపాను ఉప్పెనలో సొర్లగొంది, పాలకాయతిప్ప తుడిచిపెట్టుకుపోయాయి. పది వేల మందికి పైగా పోయారు. ఆనాటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. మన విద్యార్థుల తాతలు, అమ్మమ్మలు వాళ్లే. బడి మాత్రం తుపానంటే ఏమిటో నిర్వచనం బట్టీ పట్టిస్తోంది.

డబ్బు లేదన్న సాకు చెల్లదు. సమగ్ర శిక్ష కింద స్థాయిని బట్టి ఏటా రూ.5 వేల నుంచి 20 వేల వరకు గ్రంథాలయ నిధి ఉంది. వంద రకాల పుస్తకాలు కొని బీరువాలో పెట్టి తాళం వేసే బదులు ఒకే నవల నలభై ప్రతులు కొనొచ్చు. పిల్లల్ని నవలకు దూరం చేసిన నేరంలో తల్లిదండ్రులకూ వాటా ఉంది. నవల చేతిలో కనిపిస్తే ‘పరీక్షలో వస్తుందా?’ అని అడిగేది మనమే. ఐఐటీ ఫౌండేషన్ పేరిట ఆరో తరగతి నుంచే గ్రంథాలయ పీరియడు ఎత్తేసిన ప్రైవేటు బళ్లకు పిల్లల్ని పంపేదీ మనమే.

2027 నవంబరు 19కి దివిసీమ ఉప్పెనకు యాభై ఏళ్లు నిండుతాయి. ఆలోగా బందరు, గుడివాడ, అవనిగడ్డ బళ్లలో తొమ్మిదో తరగతికి ఒక నవల, వారానికి రెండు పీరియడ్లు ఇవ్వాలి. తెలుగు, సోషల్ మాస్టార్లు కలిసి ఆ పాఠం చెప్పాలి. దివిసీమ పిల్లలు రాసుకొచ్చిన పెద్దల సాక్ష్యాలను జిల్లా యంత్రాంగం అచ్చు వేయించాలి. ఉత్తర్వు ఇవ్వాల్సింది విద్యాశాఖ. ఇంకో విద్యా సంవత్సరం ఆగితే సాక్ష్యం చెప్పేవాళ్లు ఇంకా తగ్గిపోతారు.