పొగచాటు నాటకం

మన నాటకాల్లో పొగ ఎప్పుడొస్తుందో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. దేవుడు ప్రత్యక్షమైతే పొగ, కలొస్తే పొగ, కథ కదలకపోతే ఇంకాస్త పొగ. ముందు వరసలో జనం దగ్గుతుంటారు, వేదిక మీద నటుడు డైలాగు మింగుతుంటాడు. దీన్ని మనం ‘ఎఫెక్ట్’ అంటున్నాం.

తప్పు మెషీన్ ఎంచుకోవడంలోనే మొదలవుతుంది. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చేది ఫాగ్ మెషీన్. గ్లైకాల్ కలిపిన నీళ్ళని వేడిచేసి గుప్పుమని తెల్లటి మబ్బు వదుల్తుంది. అది తాను కనబడ్డానికే పుట్టింది. హేజర్ అలా కాదు. సన్నటి తుంపరని హాలంతా పలచగా, సమంగా పరుస్తుంది. తాను కనబడకుండా వెలుగుని కనబడనిస్తుంది. లైటింగ్ డిజైన్ అంటూ ఒకటుంటేనే దానితో పని. డిజైన్ లేనిచోట ఫాగ్ కావాలి, లేని దాన్ని కప్పిపుచ్చడానికి.

“హేజర్‌కి బడ్జెట్ లేదండీ” అంటారు. నిజమే, ఖరీదెక్కువ. అయితే పొగే మానేయండి. సురభి వాళ్ళు రంగుల తెరలూ తాళ్ళతో తరాలపాటు మాయాబజార్ చూపించలేదూ?

అసలు బాధ అందం గురించి కాదు, ఊపిరి గురించి. బ్రాడ్‌వే నటుల మీద 2000లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పొగ మోతాదు ఎక్కువైన చోట గొంతు, ముక్కు, శ్వాస ఇబ్బందులు పెరిగాయని తేల్చింది. క్యూబిక్ మీటరు గాలిలో గ్లైకాల్ ఏ క్షణంలోనూ 40 మిల్లీగ్రాములు దాటకూడదనీ, మినరల్ ఆయిల్ అయితే 25 దాటకూడదనీ చెప్పింది. అక్కడ నటుడికి యూనియన్ ఉంది. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి రిహార్సల్‌కి వచ్చే మన నటుడికి ఎవరున్నారు? గొంతే అతని పనిముట్టు. దాన్నే కాలుస్తున్నాం.

చేయాల్సింది కష్టమేం కాదు. తెర లేవడానికి చాలా ముందే హేజర్‌ని తక్కువలో పెట్టి వదలండి. టెక్నికల్ రిహార్సల్ ఏసీ వేసుకునే చేయండి, ఏసీ గాలి పొగని ఎటు లాగుతుందో అప్పుడే తెలుస్తుంది. ఆ మెషీన్‌కి కంపెనీ చెప్పిన ద్రవమే పోయండి. పొగకి ఫైర్ అలారం మోగొచ్చని హాలు వాళ్ళకి ముందే చెప్పండి, దొంగచాటుగా డిటెక్టర్‌కి కవరు కట్టకండి.

పోస్టర్ మీద దర్శకుడి పేరు ఎంత పెద్దగానైనా వేసుకోండి. దాని కింద ‘హేజ్ వాడుతున్నాం’ అని ఒక్క లైను వేయండి. ఆస్తమా ఉన్నవాళ్ళు టికెట్ కొనేముందే తేల్చుకుంటారు.