చూచువాని ధర్మము

లోకమును చూచి రావలెనను కోరిక మనుజునకు సహజమైనది. దేశములు తిరిగినచో బుద్ధి వికసించునని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని చూచువానికి కలుగు లాభమును గూర్చి చెప్పినంతగా, చూడబడు చోటునకు కలుగు నష్టమును గూర్చి ఎవరును చెప్పరు. ఒక తీరమునకు పదిమంది వచ్చిన ముచ్చట. నూరుమంది వచ్చిన సందడి. దినమునకు వేలకొలది జనులు వచ్చినచో ఏమగునో థాయిలాండు దేశమందలి ఒక చిన్న దీవి లోకమునకు తెలియజేసినది.

థాయిలాండునకు పడమట అండమాను సముద్రము కలదు. అందు ఫీఫీ దీవులు మిక్కిలి ప్రసిద్ధములు. వానిలో పెద్దదియగు ఫీఫీ డాన్ నందు జనులు నివసింతురు. దానికి దక్షిణముననున్న ఫీఫీ లే చిన్నది. అందు ఊరు లేదు. 1983 వ సంవత్సరమున ప్రభుత్వము ఈ ప్రాంతమును జాతీయ వనముగా ప్రకటించినది.

వీపున సంచి తగిలించుకొని, స్వల్పమైన వ్యయముతో దేశములు చుట్టివచ్చు యువకులు నేడు అన్ని ఖండములందును కనబడుదురు. అట్టి యాత్రికుడొకడు ఫీఫీ దీవులకు వచ్చెననుకొందము. ప్రొద్దుటనే అతడు టోన్సాయి రేవునకు పోయి, మరికొందరితో కలసి ఒక పడవను కుదుర్చుకొనును. పడవవాడే వారికి దారి చూపువాడు. అది పొడవైన కొయ్యపడవ. మోటారుబండి యంత్రమును దాని వెనుకభాగమున నమర్చి, ఒక పొడవైన ఇనుపకడ్డీ కొనకు నీటిని కోయు రెక్కలు తగిలింతురు. ఆ కడ్డీ తోకవలె కనబడుటచే దానికి పొడవుతోక పడవయని పేరు వచ్చినది. పడవ ముందు కొమ్మునకు రంగురంగుల గుడ్డపీలికలును, పూలదండలును కట్టియుండును. అవి అలంకారమునకు కట్టినవి కావు. పడవను కాపాడు మే యా నాంగ్ అను దేవతకు భక్తితో అర్పించినవి. ఈ సంగతి యెరుగని యాత్రికుడు ఆ కొమ్ముపై కాలుమోపి ఫోటో తీయించుకొనబోవును. పడవవాడు కోపపడడు, నవ్వుచునే చేతితో వారించును. ఆ దినమున యాత్రికుడు నేర్చుకొను మొదటి పాఠమిది.

దారిలో కోతులు తిరుగాడు తీరమొకటి కలదు. వానికి తిండి పెట్టవలదని పడవవాడు హెచ్చరించును. చేతిలో తినుబండారమున్నవానిపై అవి యెగబడును, ఒక్కొక్కప్పుడు కరచును. తప్పు కోతులది కాదు. అడవిలో తమ తిండిని తాము వెదకుకొను జంతువులకు అడుగుకొని తినుటయు, లాగుకొని తినుటయు నేర్పినవారు యాత్రికులే. దయయని తలచి చేసిన పని కీడుగా పరిణమించుటకు ఇంతకంటె వేరు నిదర్శన మక్కరలేదు.

తరువాత ఫీఫీ లే వచ్చును. నీటినుండి నిలువుగా లేచిన సున్నపురాతి కొండలు చూపరులను అబ్బురపరచును. పూర్వము కడలి యడుగున జీవించిన ప్రాణుల గుల్లలు పేరుకొని ఈ రాయి యేర్పడినది. దాని వయస్సు 25 కోట్ల సంవత్సరములకు పైబడినది. ఒక కొండ క్రింద వైకింగ్ గుహయను పేరుగల గుహ కలదు. అందు ఒక జాతి చిన్న పక్షులు తమ లాలాజలముతోనే గూళ్లు కట్టును. చైనీయులు ఆ గూళ్లతో కాచిన రసమును శ్రేష్ఠమైన ఆహారముగా నెంతురు. కావున వానికి గొప్ప వెల కలదు. ప్రాణములకు తెగించి వెదురు కట్టుడుల మీదుగా పైకెక్కి పనివారు వానిని సేకరింతురు. యాత్రికులకు లోపల ప్రవేశము లేదు. దూరమున పడవ నిలిపి చూచి సాగిపోవలసినదే.

ఇక మాయా అఖాతము. తెలుగువారి చెవికి ఈ పేరు అర్థవంతముగనే తోచును. మూడువైపుల ఎత్తైన కొండలు, నడుమ పచ్చని నీరు, ఒడ్డున తెల్లని మెత్తని యిసుక. 1999 లో ఒక అమెరికా చలనచిత్ర సంస్థ ఇచ్చట 'ది బీచ్' అను చిత్రమును తీసినది. అది 2000 లో విడుదలయ్యెను. ఎవరికిని తెలియని తీరమును వెదకుకొనుచు పోయిన యొక యువకుని కథ అది. వింత యేమనగా, ఆ కథను చూచిన లోకమంతయు ఆ తీరమునకే బయలుదేరినది! 2018 నాటికి దినమునకు అయిదువేలమంది వరకు అచ్చటికి వచ్చుచుండిరి. ఇసుక కనబడకుండ జనులు, నీరు కనబడకుండ పడవలు.

నీటి అడుగున జరిగిన నష్టము పైవారికి కనబడలేదు. పగడపు దిబ్బ చూచుటకు రాయివలె నుండును గాని, అది రాయి కాదు. లెక్కకు మిక్కిలియైన చిన్న ప్రాణులు కట్టుకొన్న ఇల్లు. వానిలో అనేక జాతులు సంవత్సరమునకు ఒక అంగుళమైనను పెరుగవు. పడవవాడు విసరిన లంగరు ఒక్క క్షణమున విరుగగొట్టినది ఒక మనుష్యుని జీవితకాలమున తిరిగి పెరుగకపోవచ్చును. ఎండ తగులకుండ మేనికి పూసికొను లేపనములలోని కొన్ని రసాయనములు నీట కరగి పగడములకు హాని చేయును. ఒకప్పుడు ఆ అఖాతమున తిరుగాడిన సొరచేపలు, రెక్కల కొనలు నల్లగానుండునవి, ఆ చోటు విడిచిపోయినవి.

అప్పుడు ప్రభుత్వము 2018 జూన్ మాసమున తీరమును మూసివేసినది. మొదట నాలుగు నెలలే యనిరి. కాని గాయము లోతైనదని తెలిసి గడువును పొడిగించిరి. విరిగిన దిబ్బలపై క్రొత్త పగడపు కొమ్మలను నాటిరి. 2022 జనవరిలో తీరము మరల తెరువబడెను. అప్పటికి సొరచేపలు తిరిగి వచ్చినవి. అయితే నియమములు మారినవి. పడవలు అఖాతములోనికి పోరాదు. దీవి వెనుకవైపున నిలిపి, కొయ్యబాటపై నడచి రావలెను. ఒక్కొక్క విడతకు నాలుగువందలకు లోపుగానే జనులను విడుతురు. ఈత నిషేధింపబడినది. వర్షకాలమున రెండు నెలలు తీరమునకు విశ్రాంతి. హానికరమైన లేపనములను జాతీయ వనములన్నిటియందును 2021 లోనే నిషేధించిరి.

ఈ నియమములను చూచి యాత్రికుడు నొచ్చుకొనవచ్చును. ఇంత దూరము వచ్చి, రుసుము చెల్లించి, ఆ నీట మునుగకుండ పోవుటయా యని యడుగవచ్చును. అతని ప్రశ్నకు సమాధానము సులభము. రుసుము చెల్లించినవాడు చూచుటకు హక్కు పొందెను గాని, పాడుచేయుటకు పొందలేదు. దేవాలయమున టిక్కెట్టు కొన్నవాడు విగ్రహమును తాకుటకు అధికారి యగునా?

కాని పడవవాని ప్రశ్న అంత సులభము కాదు. తీరము మూసిననాడు అతని పొయ్యి మాటేమి? 2020 లో అంటువ్యాధి కారణమున సరిహద్దులు మూతపడినప్పుడు, యాత్రికులు లేని దీవిలో బ్రదుకు ఎంత కష్టమో అచ్చటివారు అనుభవించిరి. లోకమునకంతకును చెందిన అందమును కాపాడుటకై అయ్యెడు ఖర్చును ఒక పేదవాని తలపై పెట్టుట న్యాయము కాదు. తీరమునకు విశ్రాంతి నిచ్చు దినములలో పడవవానికి వేరు పని చూపుటయు, యాత్రికులు చెల్లించు రుసుములో కొంత వాని మేలునకు వినియోగించుటయు ధర్మము. అట్లని తీరమును మూయరాదనుట గూడ వివేకము కాదు. పగడము చచ్చిన సముద్రమును చూచుటకు ఎవరు వత్తురు? పాలిచ్చు ఆవునకు మేత మాని, పాలు మాత్రము పితుకుకొనువాడు కొలదికాలములోనే రెంటికిని దూరమగును.

సాయంకాలమునకు యాత్రికుడు రేవు చేరును. అతని సంచిలో గుల్ల లేదు, పగడపు ముక్క లేదు. అవి ఉండవలసినచోటనే ఉన్నవి. లోతులేని నీటిలో ఒడ్డుదాపున ఈదుచున్న నల్లకొనల సొరచేప పిల్లను అతడు చూచెను. తీరము మూయక మునుపే వచ్చియున్నచో దానిని చూచుట సాధ్యము కాకపోయెడిది. నియమము అతని ఆనందమును తగ్గింపలేదు; దానిని నిలిపినది.

విహారయాత్రకు పోవు బాలబాలికలకును ఇదియే వర్తించును. రాతిపై పేరు చెక్కువాడు తాను వచ్చితినని చాటుకొనును. తెలిసినవాడు తాను రానట్లే ఆ చోటును విడిచి పోవును. వెనుక వచ్చువాడు గూడ చూచునట్లు చూచుటయే చూచువాని ధర్మము.