సిద్ధపాటు కూడా స్తుతే

దేవుని సన్నిధిలో గానసేవ కోసం దావీదు ఏర్పాటు చేసిన వారి సంఖ్య 288 (1 దినవృత్తాంతములు 25:7). వారు భక్తిపరులని మాత్రమే చెప్పి లేఖనం ఊరుకోలేదు. నేర్చుకున్నవారనీ, అందులో ఆరితేరినవారనీ కూడా రాసింది. భక్తి ఉంటే చాలు, నేర్పు దానంతటదే వస్తుందని దావీదు అనుకోలేదు. మనం మాత్రం తరచూ అలాగే అనుకుంటున్నాం.

విశాఖలో పాతపట్నం మొదలు గాజువాక, ఉక్కునగరం వరకు ఎన్నో సంఘాల్లో యువకులు డ్రమ్స్ వాయిస్తూ ప్రభువును స్తుతిస్తున్నారు. వారిలో చాలామంది గురువు లేకుండా, చూసి నేర్చుకున్నవారే. సంఘం పాటలు రికార్డు చేయాలని తలపెట్టినప్పుడు అలాంటి ఒక అబ్బాయి భుజం తట్టి, 'భయపడకు తమ్ముడూ, ప్రభువే నడిపిస్తాడు' అని స్టూడియోకు పంపిస్తాం. తీరా అక్కడ హెడ్‌ఫోన్లలో 'టిక్ టిక్' మని క్లిక్ మొదలవగానే అతని చేతులు బిగుసుకుపోతాయి. గంటలు గడిచేకొద్దీ అద్దె పెరుగుతుంది. చివరకు కీబోర్డులో ఉన్న తాళం వేసి పాట ముగించేస్తారు. ఆ యువకుడు తన తలాంతు మీదే నమ్మకం పోగొట్టుకుని ఇల్లు చేరతాడు. తప్పు అతనిదేనా? సిద్ధపరచకుండా పంపిన మనది కాదా?

ఆరాధనలో అందరి చప్పట్ల మధ్య, చివరి చరణానికి వచ్చేసరికి పాట వేగం పెరిగినా ఎవరూ పట్టించుకోరు. స్టూడియోలో ఒక్కో డ్రమ్ము దగ్గర ఒక్కో మైకు ఉంటుంది. తడబాటునూ, పెడల్ కిర్రుమనడాన్నీ అది దాచిపెట్టదు. అందుకే కనీసం నెల రోజుల ముందునుంచి ప్రతి పాటనూ మెట్రోనోమ్‌తో సాధన చేయాలి. తాను వాయించింది ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. పల్లవి, చరణం, మధ్య సంగీతం ఎన్నెన్ని ఆవృతాలో కాగితం మీద రాసుకోవాలి. అరిగిపోయిన హెడ్లు కొన్ని రోజుల ముందే మార్చి శ్రుతి చేయాలి. మన సముద్రపు గాలికి స్టాండ్ల మరలు తుప్పు పడతాయి, వాటినీ చూసుకోవాలి. అదనంగా కర్రలు తీసుకెళ్లాలి. ముందు రోజు రాత్రి బాగా నిద్రపోవాలి.

క్లిక్‌కు లోబడడం చిన్నతనమని కొందరు యువకులు అనుకుంటారు. 1933లో ప్రారంభమైన మన ఓడరేవు వైపు ఒకసారి చూడండి. సముద్రాలు దాటి వచ్చిన కెప్టెన్ అయినా సరే, డాల్ఫిన్ నోస్ కొండ పక్కనున్న కాలువలోకి వచ్చేటప్పుడు రేవు పైలట్ చెప్పినట్టు ఓడ నడుపుతాడు. అది అవమానమని ఏ కెప్టెనూ అనుకోడు. క్లిక్ కూడా అలాంటి పైలటే.

ఇంత చేసినా మొదటి రోజు నిరాశ ఎదురుకావచ్చు. బీటిల్స్ బృందంలోని రింగో స్టార్‌కు 1962లో అదే జరిగింది. సెప్టెంబరు 4న లండన్‌లోని ఇఎంఐ స్టూడియోలో 'లవ్ మి డూ' పాటకు అతడు డ్రమ్స్ వాయించాడు. 11న మళ్లీ వెళ్తే డ్రమ్స్ దగ్గర ఆండీ వైట్ అనే అనుభవజ్ఞుడు ఉన్నాడు. రింగో చేతికి టాంబురిన్ ఇచ్చారు. అతడు నొచ్చుకున్నాడు, కానీ వెళ్లిపోలేదు. ఆ టాంబురిన్నే వాయించాడు. 5 నెలల తరువాత, 1963 ఫిబ్రవరి 11న, అదే స్టూడియోలో ఒక్క రోజులోనే వారి మొదటి ఆల్బమ్‌కు 10 పాటలు పూర్తయ్యాయి. వాటికి డ్రమ్స్ వాయించింది రింగోనే. తగ్గించుకున్నవాడు హెచ్చింపబడతాడన్న ప్రభువు మాట స్టూడియోలో కూడా గుర్తుంచుకోదగినదే.

ప్రార్థన అక్కరలేదని మేము చెప్పడం లేదు. ప్రార్థన చేయవలసిందే. అయితే ప్రార్థన సాధనకు బలమిస్తుంది గానీ సాధన ఎగ్గొట్టడానికి సాకు కాదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు (లూకా 14:28). ఆ లెక్కలో డ్రమ్మర్ సాధనకు కావలసిన సమయాన్నీ సంఘం చేర్చాలి. వారంలో రెండు సాయంత్రాలు మందిరం తలుపులు అతని కోసం తెరవాలి. హెడ్లకూ, కర్రలకూ కానుకల్లోనుంచి కొంత కేటాయించాలి. స్టూడియోకు ఒక పెద్దమనిషి తోడు వెళ్లాలి. మొదటి టేక్ చెడిపోతే గడియారం చూపించకుండా, 'మళ్లీ వాయించు బాబూ, మేమున్నాం' అనాలి.

ప్రేమ లేకపోతే తాళం ఉత్త మోతే అవుతుందని పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 13:1). ఆ మాట వాయించేవారికి మాత్రమే అనుకుంటాం. వాయించడానికి పంపించే మనకు కూడా అది వర్తిస్తుంది.