నాన్నగారి కెమెరా కన్ను

కిందటి సంచికలో పాత ఫొటోలను దాచుకోవడం గురించి రాస్తే, అణ్ణానగర్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. “ఫొటోల సంగతి సరే, అవి తీసిన కెమెరా మా బీరువాలో ఉంది. ఫిలిం ఖరీదు వింటే గుండె ఆగుతుంది. పారేద్దామంటే మా మామగారి వస్తువు. ఏం చెయ్యమంటారు?” అని. ఆ ఉత్తరం చదువుతుంటే మా ఇంటి కథే గుర్తొచ్చింది.

మా నాన్నగారి కెమెరా జోర్కి-4. రష్యా సరుకు. మా బంధువుల పెళ్లిళ్లు సగం దానిలోనే ఉన్నాయి. 2015 డిసెంబరులో సైదాపేటలో మా వీధిలోకి నీళ్లొచ్చినప్పుడు బీరువా పై అరలో ఉండబట్టి అది మునగలేదు. కానీ ఇల్లంతా నెలరోజులు తడి వాసనే. భోగికి ఇల్లు దులుపుతూ తోలు సంచి విప్పితే గుప్పుమంది. తడి ఆరాలి కదా అని నేను దాన్ని మేడ మీద, మనం అలవాటుగా మొట్టమాడి అంటామే, అక్కడ వడియాల పక్కన ఎండకు పెట్టాను. లెన్సు మూత ఏనాడో పోయింది.

చదువుకున్నవాణ్ణి చేయాల్సిన పని కాదది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చని వారెవరు? ఆ రకం కెమెరాలో అద్దం ఉండదు. లెన్సు వెనకాలే నల్లని బట్టతో చేసిన షట్టరు. సూర్యుడు లెన్సులోంచి ఆ బట్టమీద చుక్కలా పడి చిల్లి చేశాడు. బాడీ పోయింది. లెన్సు మిగిలింది. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉండింది.

ఆ లెన్సు పేరు జూపిటర్-8. 50 మిల్లీమీటర్లు, అపర్చరు 2. 1930లలో జైస్ సంస్థలో బెర్టెలె అనే ఆయన రూపొందించిన సోనార్ లెన్సుకు ఇది రష్యాలో పుట్టిన తమ్ముడు. ఆరు గాజుబిళ్లలు, అంతే. దీన్ని ఈనాటి కెమెరాకు తగిలించవచ్చని తెలిసింది మాత్రం మా అబ్బాయి మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాకే.

అద్దమున్న డిజిటల్ కెమెరాకు ఇది ఎందుకు పనికిరాదో చెబుతాను. లెన్సు కూర్చునే చోటునుంచి ఫిలిం దాకా కొంత దూరం ఉండాలి. పాత మరలెన్సులకు అది 28.8 మి.మీ., 1954 తర్వాతి లైకా ఎం రకానికి 27.8. అద్దమున్న కెమెరాల్లో ఆ దూరం కానన్‌కు 44, నికాన్‌కు 46.5. అక్కడ తగిలిస్తే లెన్సు ఉండవలసిన చోటుకన్నా ముందుకు జరిగిపోయి, దూరపు వస్తువులు మసకే. మిర్రర్‌లెస్‌లో సోనీకి 18, నికాన్ జెడ్‌కు 16 మాత్రమే. మిగిలిన ఖాళీని ఒక లోహపు ఉంగరంతో నింపితే చాలు. అదే అడాప్టరు. అందులో గాజు లేదు, కరెంటు లేదు. నలుగురం హోటల్లో భోంచేసినంత ఖర్చు.

తగిలించాక కెమెరా “లెన్సు లేదు” అని మొరాయిస్తుంది. మెనూలో లెన్సు లేకపోయినా ఫొటో తీయనిచ్చే సౌకర్యం ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి. ఫోకస్, అపర్చరు మనమే తిప్పుకోవాలి. తెరమీద బొమ్మను పెద్దది చేసి చూస్తే ఫోకస్ తేలిక. పాతకాలంలో రెండు బొమ్మలను ఒకదానిమీద ఒకటి కలిపి చూసుకునేవారు. రష్యా లెన్సును లైకా మీద పెడితే దగ్గరి ఫొటోల్లో ఆ లెక్క కొంచెం తప్పేది. ఇప్పుడు లెన్సులోంచే చూస్తున్నాం కనుక ఆ గొడవ లేదు.

ఇంట్లో లెన్సు లేనివారు కొనాలనుకుంటే 50తో మొదలుపెట్టండి. కార్టియే బ్రెసాఁ 1950 ఏప్రిల్‌లో రమణ మహర్షి నిర్యాణ సమయానికి తిరువణ్ణామలైలో ఉన్నాడు. ఆయన జీవితమంతా ఎక్కువగా వాడింది లైకా, 50 లెన్సే. వెడల్పు లెన్సులు, ముఖ్యంగా 28 అంతకన్నా తక్కువవి, పాతవైతే వద్దంటాను. వాటి వెనక గాజు ఫిలిముకు బాగా దగ్గరగా ఉంటుంది. వెలుతురు అంచుల్లో ఏటవాలుగా పడుతుంది. ఫిలిం ఓర్చుకునేది, సెన్సర్ ఓర్చుకోదు. మూలలు అలుక్కుపోతాయి, ఊదారంగు కూడా వస్తుంది. సెన్సర్ చిన్నదైతే మీ 50 కాస్తా 75లా కనిపిస్తుందని గుర్తుంచుకోండి. ముఖాలకు బాగుంటుంది, పెళ్లిపందిరికి చాలదు. గొట్టం లోపలికి ముడుచుకునే లెన్సయితే డిజిటల్ కెమెరామీద ముడవకండి, లోపల తగలవచ్చు.

చెన్నపట్నంలో కొనేవారికి అసలు శత్రువు బూజు. సముద్రపు గాలి, ఐప్పసి వానలు, తోలు సంచి, మూసిన బీరువా, ఇంతకన్నా దానికేం కావాలి? లెన్సు చేతికి రాగానే అపర్చరు పూర్తిగా తెరిచి, వెనకనుంచి సెల్‌ఫోను దీపం వేసి చూడండి. సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తే బూజు. తెల్లని పొరలా ఉంటే పాత గ్రీజు ఆవిరి కావచ్చు, అది చాలాసార్లు తుడిస్తే పోతుంది. బూజు మాత్రం పైపూతను, గాజును కూడా తినేస్తుంది. ఆ మచ్చ తుడిస్తే పోదు. రెండు మూడు ధూళికణాలకు బెంగపడకండి.

మాదానికి అంచున చిన్న బూజు. తుడిపిద్దామని ఒకరికిచ్చాను. ఆయన విప్పి, తుడిచి, లోపలుండే పల్చటి రేకు చుట్టు ఒకటి పెట్టడం మరిచి బిగించారు. ఇంటికొచ్చి చూస్తే చందమామ మసక! ఆ రేకు మందమే ఫోకస్‌ను నిర్ణయిస్తుందట. మళ్లీ వెళ్తే అదృష్టం కొద్దీ ఆయన బల్లమీదే దొరికింది. మీరు ఇచ్చేముందు దూరపు గోపురాన్నో దీపస్తంభాన్నో ఒక ఫొటో తీసి దగ్గరుంచుకోండి. తెచ్చాక అదే తీసి పోల్చండి.

ఇప్పుడు అది తోలు సంచిలో లేదు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, తేమ చూపే చిన్న మీటరుతో ఉంది. ముల్లు 40, 50 మధ్య ఉండాలి. పొట్లాలు రంగు మారితే మార్చేస్తాను. వారానికోసారి బయటకు తీసి వాడతాను. ఉపయోగించే లెన్సుకు బూజు తక్కువ.

మొదటి ఫొటో అమ్మదే. ఉయ్యాలబల్ల మీద కూర్చుని పేపరు చదువుతోంది. ఈ లెన్సు మీటరుకన్నా దగ్గరకు ఫోకస్ కాదు, కాబట్టి గుమ్మం దాకా వెనక్కి నడిచాను. కిటికీ వెలుగు ఎదురుగా పడి బొమ్మంతా కాస్త పాలకలిపినట్టయింది. పాతపూత లెన్సులకు ఎదురువెలుగు పడదు, 40.5 మి.మీ. కొలత హుడ్ ఒకటి కొనుక్కోవాలి. ఫోకస్ చూసేలోపు ఉయ్యాల కదిలింది. కళ్లు మసక, వెనకున్న కేలండరు స్పష్టం.

“మీ నాన్నగారైతే ఊపిరి బిగబట్టమనేవారు” అంది అమ్మ, పేపరు మడుస్తూ. “కాలు నేలకు ఆనించుకుంటాను, మళ్లీ తియ్యి.”

రెండోది బాగా వచ్చింది.

ఉత్తరం రాసిన సోదరీ, ముందు మీ మామగారి కెమెరాను తోలు సంచిలోంచి బయటకు తీయండి. ఎండలో మాత్రం పెట్టకండి. లెన్సు ముందు వలయం మీద చెక్కిన అక్షరాలు, అంకెలు ఉన్నవున్నట్టు రాసి పంపితే, ఏ అడాప్టరు కావాలో వచ్చే సంచికలో చెబుతాను.