పంతులుగారి విదేశయానం: ఊరికేం మిగులుతుంది?

ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులను విదేశాలకు పంపడం అనే మాట ఈ మధ్య తరచుగా వినవస్తోంది. 2024లో పంజాబ్ ప్రభుత్వం తన ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను శిక్షణ నిమిత్తం ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయానికి పంపింది. అంతకు ముందు 2023లో ఢిల్లీలో ఇదే ఫిన్లాండ్ ప్రయాణంపై అక్కడి ప్రభుత్వానికీ, లెఫ్టినెంట్ గవర్నర్‌కూ మధ్య పెద్ద రగడే నడిచింది. ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా అన్నది అప్పుడు వచ్చిన ప్రశ్న. ప్రశ్న సబబైనదే. అయితే వాదులాట అంతా టిక్కెట్టు డబ్బుల దగ్గరే ఆగిపోయింది. వెళ్ళివచ్చిన మాస్టారు తన బడిలో ఏం చేయాలి, అక్కడి మాస్టారు ఎప్పుడైనా మన బడికి వస్తాడా అన్న విషయం ఎవరికీ పట్టలేదు.

పంపడం వేరు, మార్పిడి వేరు. పంపడంలో మనం శిష్యులం, అవతలివారు గురువులు. మార్పిడిలో ఇద్దరూ పంతుళ్ళే. మనవాడు అక్కడికి వెళ్తాడు, అక్కడివాడు ఇక్కడికి వస్తాడు, ఇద్దరి పిల్లలూ ఒకే పని మీద కొంతకాలం కలిసి సాగుతారు. ముఖ్యంగా నీరు, అడవి, నేల, సముద్రం వంటివి రేపటి తరానికి మిగిలేలా నేడు బతకడం ఎలాగో నేర్పే చదువుకు ఈ రెండో పద్ధతే తగినది. ఈ చదువుకే సుస్థిరాభివృద్ధి విద్య అని పేరు. పేరు నోరు తిరగనిదే గాని విషయం మన రైతుకూ, బెస్తవాడికీ తెలియనిదేమీ కాదు. 2002లో జొహానెస్‌బర్గ్ మహాసభలో జపాన్ చేసిన ప్రతిపాదన మీద ఐక్యరాజ్య సమితి 2005 నుంచి 2014 వరకు ఒక దశాబ్దాన్ని ఈ విద్యకు కేటాయించింది. 2007లో మన అహ్మదాబాద్‌లోనే పర్యావరణ విద్యపై అంతర్జాతీయ మహాసభ జరిగింది. సభలు జరిగాయి, తీర్మానాలు వచ్చాయి. వాటి సంగతి అలా ఉంచి, ఈ పని నిజంగా జరిగిన ఒక ఊరి గురించి చెప్పుకుందాం.

జపాన్ ఈశాన్య తీరంలో మియాగి రాష్ట్రంలో కెసెన్నుమ అనే చేపల రేవు ఉంది. ఆ బందరు ఉన్న అఖాతంలో ఆల్చిప్పలు పెంచి అమ్ముకునే కుటుంబాలున్నాయి. 1960, 70 దశకాల్లో పట్నపు మురుగు, కార్ఖానాల కాలుష్యం చేరి సముద్రపు నీరు ఎర్రబారింది. ఆల్చిప్పల మాంసం కూడా ఎర్రబడి, కొనే నాథుడు లేకుండా పోయాడు. షిగేఅత్సు హతకేయామ అనే ఆల్చిప్పల పెంపకందారు 1984లో ఫ్రాన్స్ వెళ్ళి లువార్ నది సముద్రంలో కలిసే చోట నిగనిగలాడే ఆల్చిప్పలను చూశాడు. నది వెంట పైకి పోయి చూస్తే దట్టమైన అడవులు కనిపించాయి. తన సముద్రానికి పట్టిన జబ్బుకు మందు కొండ మీద ఉందని ఆయనకు అర్థమయింది. 1989లో తోటి జాలరులను వెంటబెట్టుకుని, తమ అఖాతంలో కలిసే ఒకావా నది ఎగువన, పక్కనున్న ఇవాతే రాష్ట్రంలోని మురొనే కొండ మీద మొక్కలు నాటడం మొదలుపెట్టాడు. వలలు విసిరే చేతులు గునపాలు పట్టాయి. కొండమీది రైతులు మొదట వింతగా చూసి ఉంటారనుకోవాలి.

దీని వెనుక శాస్త్రమూ ఉంది. అడవిలో రాలిన ఆకులు కుళ్ళి ఎరువయ్యే క్రమంలో మట్టిలోని ఇనుము కరిగి నదిలో కలుస్తుంది. ఆ ఇనుము సముద్రంలోని కంటికి కనబడని నాచు పెరగడానికి అవసరం. ఆ నాచే ఆల్చిప్పలకు ఆహారం. హొక్కైదో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఒకరు ఈ సంగతిని తేల్చి చెప్పారు. హతకేయామ అక్కడితో ఆగలేదు. ఎగువ గ్రామాల బడిపిల్లలను సముద్రం దగ్గరకు పిలిపించి, పడవలెక్కించి, సముద్రపు నీటిలోని ఆ నాచును చూపించాడు. కొండమీది పొలంలో చల్లిన మందు ఎక్కడికి చేరుతుందో పిల్లలకు అక్కడ తెలిసింది. 2012లో ఐక్యరాజ్య సమితి ఆయనను అటవీ వీరునిగా గౌరవించింది. 2025లో ఆయన కన్నుమూశారు.

ఇటువంటి ఊరు కాబట్టే అక్కడికి వచ్చిన పరాయిదేశపు పంతుళ్ళకు చూడడానికి ఏదో ఒకటి ఉంది. జపాన్ ప్రభుత్వం 1997లో తన ఖర్చుతోనే అమెరికా ఉపాధ్యాయులను మూడు వారాల పాటు పిలిపించి, బడులూ ఊళ్ళూ చూపించే పథకం ఒకటి ప్రారంభించింది. యుద్ధానంతరం అమెరికాలో చదువుకునే అవకాశం తమవారికి కల్పించిన ఫుల్‌బ్రైట్ పథకానికి అది జపాన్ తెలిపిన కృతజ్ఞత. ఈ పథకంలోనే ఒక మెట్టు పైకి వెళ్ళి, రెండు దేశాల పాఠశాలలను జతకలిపి, కలిసి పర్యావరణ పరిశీలన చేయించే ఏర్పాటు జరిగింది. 2002లో కెసెన్నుమలోని ఒమొసే ప్రాథమిక పాఠశాలకు విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక బడితో జత కుదిరింది. ఇక్కడి పిల్లలు తమ నదినీ, అక్కడి పిల్లలు తమ నీటివనరులనూ పరిశీలించి, చూసినది ఒకరికొకరు చెప్పుకున్నారు. ఉపాధ్యాయులు అటూ ఇటూ వెళ్ళివచ్చారు. క్రమంగా ఈ పద్ధతి ఆ ఊరి ఇతర పాఠశాలలకూ పాకింది. చాలా పాఠశాలలు యునెస్కో అనుబంధ పాఠశాలల బృందంలో చేరాయి. తరువాత సుస్థిరాభివృద్ధి విద్య కోసమే జపాన్, అమెరికాల మధ్య ప్రత్యేకంగా ఉపాధ్యాయుల మార్పిడి నడిచింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అమెరికా మాస్టారు వచ్చి కెసెన్నుమకు కొత్త పాఠమేదీ ఇవ్వలేదు. పాఠం ఆ ఊళ్ళోనే, ఆ నదిలోనే ఉంది. దూరం నుంచి వచ్చినవాడు ఇది ఇలా ఎందుకుంది అని అడగడంతో, రోజూ చూసే నదిని కొత్తగా చూడవలసిన అవసరం అక్కడి పంతుళ్ళకూ పిల్లలకూ ఏర్పడింది. ఇంటికి చుట్టం వస్తే తప్ప అటక మీది ఇత్తడి చెంబు దించి తోమం గదా.

2011 మార్చి 11న సునామీ ఈ ఊరి మీద విరుచుకుపడింది. వెయ్యిమందికి పైగా చనిపోవడమో, గల్లంతు కావడమో జరిగింది. చమురు ట్యాంకులు కొట్టుకుపోయి అఖాతమంతా మంటలు లేచాయి. హతకేయామ తల్లి ఆ విపత్తులోనే మరణించింది. ఆ ఊళ్ళోని హషికమి జూనియర్ హైస్కూల్ విపత్తుల విద్యకు పేరుపొందింది. తరగతుల వారీగా ఆ విషయాలు నేర్పిన బడి అది. మార్చి 22న, నిర్వాసితులు తలదాచుకుంటున్న వ్యాయామశాలలోనే ఆ బడి పిల్లలకు వీడ్కోలు సభ జరిగింది. సభలో మాట్లాడిన విద్యార్థి, విపత్తు విద్యలో పేరున్న బడిలో చదివిన తమకు కూడా ప్రకృతి బలం ముందు మనిషి బలం చాలలేదని కన్నీళ్ళతోనే చెప్పాడు. చదువు అలను ఆపుతుందని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. కాని అదే ఏడాది జూన్‌లో, పడవలు పోగొట్టుకున్న ఆ జాలరులు మళ్ళీ మురొనే కొండెక్కి మొక్కలు నాటారు. ఆ పనికి అలవాటు పడిన ఊరు కాబట్టి అది సాధ్యమయింది.

మన దివిసీమకు ఈ కథ పరాయిది కాదు. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెనలో పదివేలమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. సొర్లగొంది వంటి ఊళ్ళు ఏమయ్యాయో పెద్దలకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. కాని ఆనాటి సంగతులు మనవలకు చెప్పేవారు ఏటేటా తగ్గిపోతున్నారు. నాగాయలంక, కోడూరు వైపు మడ అడవులున్నాయి. రొయ్యపిల్ల, పీతపిల్ల పెరిగేది ఆ మడ వేళ్ళ మధ్యనే. 1990 దశకం నుంచి వచ్చిన రొయ్యల చెరువుల వల్ల కొందరికి డబ్బు వచ్చింది, చాలా ఊళ్ళలో బోర్లు ఉప్పబడ్డాయి. ఇక కృష్ణానది ఎక్కడో మహాబలేశ్వరంలో పుట్టి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వానలు లేని సంవత్సరాల్లో ప్రకాశం బ్యారేజీ దిగువకు నీళ్ళు రావడమే గగనం. ఎగువన చేసిన పని దిగువన సముద్రానికి తగులుతుందన్న పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి తరగతి గది ఉంటుందా? అయినా మన పిల్లలు పర్యావరణం పాఠంలో బొమ్మలు అతికించి మార్కులు తెచ్చుకుంటున్నారు.

పుస్తకంలో పాఠాలకు లోటు లేదు. పర్యావరణం తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, 2003లో మళ్ళీ చెప్పవలసి వచ్చింది. జాతీయ హరితదళం పేరిట 2001-02 నుంచి పాఠశాలల్లో పర్యావరణ సంఘాలు ఏర్పడ్డాయి. ఒక్కో బడికి ఏడాదికి కొద్దిపాటి గ్రాంటు నిర్ణయించారు. ఈ డబ్బుతో చాలా చోట్ల ఒక బ్యానర్, పది మొక్కలు, ఒక ఊరేగింపు వస్తాయి. మొక్కలు వేసవికి ఎండిపోతాయి, బ్యానర్ మరుసటి ఏడాదికి పనికొస్తుంది.

విదేశీ మార్పిడి పథకాల్లో మన దేశపు ఉపాధ్యాయులు పాల్గొనకపోలేదు. అమెరికా వారి ఫుల్‌బ్రైట్ పథకాల కింద హైస్కూల్ మాస్టర్లు కొందరు వెళ్ళివచ్చారు. జపాన్ కూడా మన ఉపాధ్యాయులను పిలిచింది. కాని వీటికి ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి, కంప్యూటర్‌లో పెద్ద దరఖాస్తు నింపాలి. అవనిగడ్డ దాటిన తరువాత జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసే జీవశాస్త్రం మాస్టారికి మడ అడవి ఆనుపానులు తెలిసి ఉండవచ్చు, ఇంగ్లీషులో గుక్కతిప్పుకోకుండా మాట్లాడడం రాకపోవచ్చు. అవకాశం పట్నంలోని బడికే పోతుంది. ఎవరి పిల్లలకు ఉప్పునీరు తాగే గతి పట్టిందో వారి పంతులుకు మాత్రం పిలుపు రాదు. దుబాసీని పెడితే పోయేదానికి మంచి ఉపాధ్యాయుణ్ణి వదులుకోవడం తెలివైన పని కాదు.

రెండో చిక్కు బదిలీలు. విదేశం వెళ్ళివచ్చిన మాస్టారికి స్టేషన్‌లో పూలదండ, సభలో శాలువా, పేపర్లో ఫొటో దక్కుతాయి (ఫొటో మనమే వేస్తాం, దోషంలో మనకూ వాటా ఉంది). ఆరు నెలలు తిరక్కముందే ఆయనకు వేరే మండలానికి బదిలీ వస్తే, మొదలుపెట్టిన పని ఆ బడిలో ఎవరు చూస్తారు? కెసెన్నుమలో పని నిలబడింది బడి పేరు మీద, ఊరి పేరు మీద. ఒక మనిషి పేరు మీద కాదు. కాబట్టి జత కట్టవలసింది బడికీ బడికీ. వెళ్ళేది ఒకరే అయినా, అదే బడిలోని మరో ఇద్దరు ఉపాధ్యాయులు మొదటి రోజు నుంచీ ఆ పనిలో ఉండాలి. వెళ్ళివచ్చినవారికి మూడేళ్ళ దాకా బదిలీ లేకుండా చూడడం ప్రభుత్వానికి పెద్ద కష్టమేమీ కాదు.

అతిథి రాక విషయంలో కూడా మన పద్ధతి మారాలి. పరదేశపు ఉపాధ్యాయుడు వస్తే విజయవాడలో హోటల్, కొండపల్లి బొమ్మ, పిల్లల కోలాటం, భోజనం, తిరుగు ప్రయాణం అంటే మార్పిడి కాదు. ఆయనను నాగాయలంకలో పడవ ఎక్కించాలి. ఉప్పబడిన బోరు నీళ్ళు రుచి చూపించాలి. 1977 చూసిన ముసలమ్మ దగ్గర కూర్చోబెట్టాలి. మన పిల్లలు రాసుకున్న లెక్కలు ఆయన ముందు పెట్టాలి. అందుకు ముందు ఆ లెక్కలు ఉండాలి గదా!

లెక్కలకు పాస్‌పోర్టు అక్కర్లేదు. ఊరిలోని పది బోర్ల నీటి ఉప్పదనం నెలకొకసారి కొలవడం, మడ అడవి హద్దు ఏటా ఎక్కడి దాకా ఉందో గుర్తు పెట్టడం, రేవుకు ఏ కాలంలో ఏ చేప వచ్చిందో జాలరులను అడిగి రాయడం ఎనిమిదో తరగతి పిల్లలకు చేతనయ్యే పనులే. తీరప్రాంత మండలాల్లో ఈ పని చేయగల హైస్కూళ్ళు ఏవో, ఏ బడి దేన్ని పరిశీలిస్తుందో జిల్లా విద్యాశాఖాధికారి ప్రధానోపాధ్యాయులను పిలిచి ఒక జాబితా తయారు చేయించాలి. దానిని రాష్ట్ర ప్రభుత్వం ద్వారా మార్పిడి పథకాలు నడిపే సంస్థలకు పంపాలి. మా దగ్గర ఇది ఉంది, మీ బడి ఏది అని అడిగే కాగితం అది. విద్యా సంవత్సరం మొదలయ్యే లోగా ఆ జాబితా సిద్ధమైతే, అప్పుడు ఎవరిని పంపాలన్న ప్రశ్న దానంతట అదే తేలుతుంది.