బిందెల లెక్క

“స్మార్టు సిటీ” యను మాట యీ పదేండ్లలో మన వాకిళ్ల దాక వచ్చినది. 2015 జూను 25వ తేదీన కేంద్రప్రభుత్వమువారు ఈ పేర నొక పథకము నారంభించి, దేశమున 100 పట్టణముల నెన్నుకొనిరి. ఆంధ్రప్రదేశమున విశాఖపట్టణము, కాకినాడ, తిరుపతి, అమరావతి అను నాలుగింటికి ఆ భాగ్యము కలిగినది. 2025 మార్చి 31తో పథకము ముగిసినది. 1865లోనే పురపాలకసంఘ మేర్పడిన ఆదోనికిని అందు చోటు లేదు, ఎమ్మిగనూరికిని లేదు. ఇక మద్దికెర మాట చెప్పనేల?

అయినను మద్దికెరయం దొక వింత కలదు. ఆ యూర పెద్దనగరము, చిన్ననగరము, యామనగరము అని మూడు “నగరము”లున్నవి. విజయదశమినాడు ఆ మూడింటివారును గుఱ్ఱములెక్కి పందెము తీయుదురు. మూడు నగరములుండియు నది పల్లెయే! ఊరిపేరి చివరి “కెర” కన్నడపు “కెఱె”యే యని నాకు దోచును. కెఱె యనగా చెరువు. చెరువు పేరు పెట్టుకొన్న యూరిని నీటితోనే కొలిచి చూతము.

2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన పథకము పల్లెయందు మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు నిర్ణయించినది. మురుగుగొట్టములు గల పట్టణమునకు కొలత 135 లీటర్లు. అయిదుగురున్న యింటికి పల్లెలో 275, పట్టణములో 675 లీటర్లన్నమాట. ఇరువురు గృహిణులును తోమునవి యవే గిన్నెలు గదా, ఇంత భేదమేల? పట్టణమున మరుగుదొడ్లు కడుగుటకును, మురుగును గొట్టముల వెంట త్రోయుటకును నీరు కావలెను. ఆ యెక్కువలో చాలభాగము మురుగును మోయుటకే పోవుచున్నది. కావున పట్టణము పోలికనే పల్లెను దిద్దవలెనని నేననను. స్నానపు నీటిని వేఱు కాలువతో పెరటి చెట్లకు మళ్లించు పల్లెటి యిల్లాలు ఈ విషయమున పట్టణమునకే పాఠము చెప్పగలదు.

పట్టణములలో మెచ్చదగినవి లేకపోలేదు. విశాఖలో ముడసర్లోవ జలాశయముపై 2018లో సూర్యరశ్మి పలకలను తేలునట్లు అమర్చి, 2 మెగావాట్ల విద్యుత్తు పుట్టించు ఏర్పాటు చేసిరి. పలకల నీడ పడినంతమేర నీరు ఆవిరియగుటయు తగ్గును.

మన కంత యేర్పాటు అక్కఱలేదు, మన మిద్దెలు చాలును. 50 చదరపు మీటర్ల గచ్చుమిద్దెపై ఒక్క సెంటీమీటరు వాన కురిసిన 500 లీటర్లు పడును. కొంత వృథాయైనను 400 లీటర్లు దక్కవచ్చును. పండ్రెండు లీటర్ల బిందెతో ముప్పదిమూడు బిందెలు! మొదటి వాననీటితో మిద్దె కడిగి పాఱబోసి, తరువాతి నీటిని గుడ్డతో వడియగట్టి తొట్టిలోనికి విడువవలెను. తొట్టికి మూత బిగువుగా నుండనిచో దోమలకు పుట్టినిల్లగును.

మఱియొక మాట. జలజీవన పథకపు మార్గదర్శకములలో గ్రామ నీటిసంఘమున సగముమంది స్త్రీలుండవలెనని యున్నది. నీటిని పరీక్షించుటకు ఊరికి అయిదుగురు స్త్రీలకు శిక్షణ మీయవలెననియు నున్నది. మీ యూర ఆ యయిదుగురెవ్వరో గ్రామసభలో అడుగుడు. ఎవ్వరును లేనిచో మీ పేరు వ్రాయించుకొనుడు. బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరెనేని పిల్లల పండ్లపై మచ్చలు పడును, ఏండ్ల తరబడి త్రాగిన ఎముకలు చెడును. రంగునుబట్టి గాని రుచినిబట్టి గాని అది తెలియదు. కాచినను పోదు.